నాలుక కింది పొరకు కోత, నాలుకకు కసరత్తు: తొమ్మిది నెలల చికిత్సపై సమీక్ష

పుట్టుకతోనే నాలుక కింద బిగుతైన పొర ఉండి, ఆ సంగతి ముప్పై ఆరేళ్ల వయసులో గాని తెలుసుకోని మనిషిని నేను. వైద్యులు దీన్ని టంగ్ టై అంటారు. ఒక ఈఎన్‌టీ సర్జన్, నోటి కండరాలకు కసరత్తు నేర్పే ఒక మయోఫంక్షనల్ థెరపిస్ట్ కలిసి నడుపుతున్న క్లినిక్‌లో తొమ్మిది నెలల పాటు చికిత్స తీసుకున్నాను. ఆ క్లినిక్ పేరు ఇక్కడ రాయడం లేదు. శస్త్రచికిత్సనూ థెరపీనీ ఒకే ప్యాకేజీగా అందించే పద్ధతి ఇప్పుడు చాలా చోట్ల కనిపిస్తోంది గనుక, నేను చెప్పబోయే మెచ్చుకోలూ ఫిర్యాదూ ఆ ఒక్క క్లినిక్ కన్నా ఆ పద్ధతికే ఎక్కువగా వర్తిస్తాయి.

నా ఇబ్బంది ఏమిటో ముందు చెప్పాలి. నాలుక బయటికి చాపితే కొన మధ్యలో నొక్కుపడి రెండుగా చీలినట్టు కనిపించేది. పై పెదవిని నాలుకతో తడపడం నాకు ఎన్నడూ చేతకాలేదు. వెనకటి దంతాల పక్కన ఇరుక్కున్న మెతుకును నాలుకతో తీయగలరని ఇతరులు చెబితే, అందరూ వేలితోనే తీసుకుంటారు కదా అని నేను ఆశ్చర్యపోయాను. అరగంట సేపు బిగ్గరగా చదివితే గడ్డం కింద కండరాలు పట్టేసేవి. 'ళ' అన్న అక్షరం నా నోట 'ల'కు దగ్గరగా పలికేది. 'ణ' కూడా సరిగా పలికేది కాదు గాని, టంగ్ టై ఏమీ లేకుండానే 'ణ'ను 'న'గా పలికేవారు లెక్కలేనంత మంది ఉన్నారు కాబట్టి దాన్ని నా రోగలక్షణాల జాబితాలో చేర్చుకునే ధైర్యం చేయను. నోరు తిరగదు అనే మాటను చిన్నప్పటి నుంచి వింటూనే పెరిగాను. తిరగనిది నోరు కాదనీ, పైకి లేవనిది నాలుక అనీ మొదటిసారి చెప్పింది ఈ థెరపిస్ట్ గారే.

మొదటి సందర్శన దాదాపు గంటన్నర పట్టింది, అందులో ఎక్కువ భాగం కొలతలకే పోయింది. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం అదే. నోరు పూర్తిగా తెరిచినప్పుడు పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య ఎంత దూరముందో మొదట కొలిచారు. నాకు 48 మిల్లీమీటర్లు వచ్చింది. తర్వాత నాలుక కొనను పై ముందు పళ్ల వెనక ఉండే చిన్న చిగురు బుడిపెకు ఆనించి, అది జారిపోకుండా నోరు ఎంత తెరవగలనో కొలిచారు. అది 17 మాత్రమే. రెండో కొలతను మొదటి దానితో భాగిస్తే దాదాపు 35 శాతం. ఈ నిష్పత్తి 80 శాతం దాటితే మొదటి గ్రేడు, 50 నుంచి 80 దాకా రెండోది, 50 కన్నా తక్కువైతే మూడోది, 25 కన్నా తక్కువైతే నాలుగోది. నాది మూడో గ్రేడు. నాలుక కింద పొర అతుక్కున్న చోటి నుంచి కొన వరకు స్వేచ్ఛగా ఉన్న భాగం పొడవును కొలిచే పాత పద్ధతి ఒకటి ఉంది. దాని ప్రకారం 16 మిల్లీమీటర్లు దాటితే మామూలు, 3 కన్నా తక్కువైతే మరీ తీవ్రం. అయితే పొడవు ఎంత ఉందన్న దానికన్నా నాలుక ఎంత పైకి లేస్తోందన్నదే తమకు ముఖ్యమని సర్జన్ గారు వివరించారు.

ఇంకో విషయం కూడా ఆయన అద్దం చేతికిచ్చి చూపించారు. నాలుక కింద కనిపించే ఆ పొర మనం ఊహించుకునే తాడు కాదు. నోటి అడుగున పరచుకుని ఉండే పలుచని సంధాయక కణజాలం, నాలుక పైకి లేచినప్పుడు మడతపడి తాడులా కనిపిస్తుంది. ఆ మడత అందరికీ ఉంటుంది. కొందరికి మందంగా, కొందరికి నాలుక కొనకు మరీ దగ్గరగా ఉంటుంది. అందువల్ల పొర కనిపించినంత మాత్రాన అది జబ్బు కాదు, కదలిక ఆగినప్పుడే దాన్ని పట్టించుకోవాలి. ముక్కు దిబ్బడ ఉందా, టాన్సిల్స్ పెద్దవిగా ఉన్నాయా అన్నది కూడా ఆ రోజే చూశారు. ముక్కుతో గాలి ఆడని మనిషికి పెదాలు మూసి నాలుకను అంగిలికి ఆనించి ఉంచమని చెప్పడం వృథా అని థెరపిస్ట్ గారు అన్న మాట నాకు సబబుగా తోచింది.

ఇంత జాగ్రత్తగా పరీక్షించే క్లినిక్ వేచి ఉండే గదిలో పెట్టిన కరపత్రం మాత్రం ఆ జాగ్రత్తకు పూర్తిగా విరుద్ధంగా ఉంది. మెడ నొప్పి, తలనొప్పి, గురక, నిద్రలో పక్క తడపడం, ఏకాగ్రత లోపం, వంగిన భుజాలు, ఇలా పేజీ నిండా ఉన్న బాధలన్నిటికీ నాలుక కింది పొరే మూలమన్నట్టు రాశారు. అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల సంఘం పిల్లల టంగ్ టైపై 2020లో వెలువరించిన ఏకాభిప్రాయ ప్రకటన, ఈ పొర వల్ల మాట సాధారణంగా దెబ్బతినదనీ, నిద్రలో శ్వాస ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా రాదనీ చెబుతోంది. నోటి కండరాల కసరత్తు వల్ల నిద్రలో శ్వాస ఆగే సంఖ్య పెద్దవారిలో దాదాపు సగానికి, పిల్లల్లో అంతకన్నా ఎక్కువగా తగ్గిందని 2015లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ తేల్చిన మాట నిజమే. కానీ ఆ ఫలితం కసరత్తుది, కోతది కాదు. కరపత్రం ఈ రెండింటినీ కలిపేసి, కసరత్తు సంపాదించిన పేరును కోత ఖాతాలో వేసింది. నేను ఈ సంగతి అడిగినప్పుడు సర్జన్ గారు కాస్త ఇబ్బంది పడుతూనే, నా మెడ నొప్పి తగ్గుతుందని తాను హామీ ఇవ్వలేననీ, గురక విషయం స్లీప్ స్టడీ చేయించుకుని విడిగా చూసుకోవాలనీ సూటిగా చెప్పారు. వైద్యుడు గదిలో ఒక మాట, కరపత్రం బయట ఇంకో మాట చెప్పే ఈ తీరు నాకు చివరిదాకా మింగుడుపడలేదు.

శస్త్రచికిత్సకు తేదీ అడిగితే ఇవ్వలేదు. ఆరు వారాల కసరత్తు పూర్తి చేసి, రోజువారీ పట్టిక నింపి తెచ్చాకే తేదీ అన్నారు. అప్పుడు కొంత చిరాకు పడ్డాను. ఇప్పుడు ఆ నియమానికే ఎక్కువ మార్కులు వేస్తాను. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు. నాలుక కొనను పై పళ్ల వెనక బుడిపె మీద నిలపడం, గుర్రపు డెక్కల చప్పుడు వచ్చేలా నాలుకను అంగిలి నుంచి విడిపించడం, నాలుక మొత్తాన్నీ అంగిలికి అంటించి గాలి బిగించి నోరు తెరవడం, కొనను పెదాల మూలలకు అటూ ఇటూ కదపడం, పళ్లు కలిపి పెదాలు బిగించకుండా గుటక వేయడం, ఇవే ఆ పాఠాలు. వినడానికి పిల్లల ఆటల్లా ఉంటాయి గాని, దవడ కదలకుండా నాలుక ఒక్కటే పక్కకు వెళ్లాలి అన్న షరతు పెట్టగానే నా వల్ల కాలేదు. నాలుక కదలాల్సిన ప్రతిచోటా నేను దవడను కదుపుతున్నానని, థెరపిస్ట్ గారు నా గడ్డం కింద వేలు పెట్టి చూపించే వరకు నాకు తెలియదు. ముప్పై ఆరేళ్ల పాటు నాలుక చేయలేని పనిని దవడా గడ్డం కింది కండరాలూ మోసుకొచ్చాయి. బిగ్గరగా చదివినప్పుడు పట్టేసేవి ఆ కండరాలే.

ఆరు వారాల తర్వాత కొలిస్తే 17 కాస్తా 20 మిల్లీమీటర్లయింది. లాభం చిన్నదే, కానీ ఆ చిన్నదనమే ఒక సమాచారం. బలహీనత వల్ల ఆగిన కదలిక కసరత్తుతో వచ్చేసింది, మిగిలింది పొర బిగువు వల్ల ఆగినదన్న తీర్మానానికి అప్పుడు గాని వాళ్లు రాలేదు. కసరత్తుతోనే చాలినంత కదలిక వచ్చి, కోత అవసరం లేదని ఇంటికి పంపినవారు కూడా ఉన్నారని థెరపిస్ట్ గారు చెప్పారు.

శస్త్రచికిత్స గురించి ఎక్కువ రాయడానికి లేదు. నాలుక కిందే మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, నలభై నిమిషాల్లో అయిపోయింది. శిశువులకు చేసే ఫ్రీనోటమీలో కత్తెరతో ఒక్క కోత పెట్టి వదిలేస్తారు. నాకు చేసినది ఫ్రీనులోప్లాస్టీ, అంటే పొరను విడదీసి, వజ్రాకారంలో తెరుచుకున్న గాయాన్ని నిలువుగా కలిపి కరిగిపోయే కుట్లు వేయడం. నాలుక కింద లాలాజల నాళాల ద్వారాలు, రక్తనాళాలు, కాస్త పక్కగా నాలుక నాడి ఉంటాయి కనుక ఈ పని నిదానంగా చేయాలి. మధ్యలో రెండుసార్లు ఆపి, నాలుకను పైకి ఎత్తమని థెరపిస్ట్ గారు పక్కనే నిలబడి చెప్పి, ఎత్తు కొలిచాకే మిగిలినది విడదీశారు. ఇంత వరకు చాలు అని నిర్ణయించేది కంటి అంచనా కాక కదలిక కావడం నాకు నచ్చింది. బయట బోర్డు మీద లేజర్ అని పెద్ద అక్షరాలతో ఉన్నా, నాకు వాడింది కత్తెరే. లేజర్ మెరుగైన ఫలితం ఇస్తుందనడానికి తగిన ఆధారం లేదని సర్జన్ గారే అన్నారు. మరి ఆ బోర్డు ఎందుకని నేను అడగలేదు.

నొప్పి మూడో రోజు ఎక్కువగా ఉంది, వారానికి తగ్గింది. నా పెద్ద ఫిర్యాదు ఆ మూడో రోజు రాత్రిదే. గాయం మీద తెల్లగా, అంచుల్లో పసుపుగా ఒక పొర కనిపించింది. చీము పట్టిందని భయపడి, ఏ వేళలోనైనా పిలవవచ్చని వాళ్లు రాసిచ్చిన నంబరుకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ తీయలేదు. మర్నాడు వెళితే, నోటిలో మానుతున్న ప్రతి గాయం మీదా అలాంటి ఫైబ్రిన్ పొర ఏర్పడుతుందనీ, దాన్ని గీకకూడదనీ అర నిమిషంలో చెప్పారు. జ్వరం, పెరుగుతున్న వాపు, దుర్వాసన ఉంటేనే ఆందోళన పడాలట. ఈ రెండు వాక్యాలు డిశ్చార్జి కాగితం మీద ఉండి ఉంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టేది.

తర్వాతి కొలతలను ఉన్నవి ఉన్నట్టుగా రాస్తాను, ఎందుకంటే ఇలాంటి సేవల గురించి మాట్లాడేవారు సాధారణంగా శస్త్రచికిత్స జరిగిన రోజు సంఖ్యనే చెప్పి ఊరుకుంటారు. ఆ రోజు నాకు 34 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే దాదాపు 71 శాతం. మూడో వారానికి అది 27కు పడిపోయింది. గాయం మానే క్రమంలో మచ్చ కణజాలం కుంచించుకుపోతుంది కాబట్టి అందరికీ ఎంతో కొంత ఇలా జరుగుతుందని ముందే చెప్పి ఉన్నా, నా కళ్లతో చూసినప్పుడు చేసినదంతా నీళ్లపాలైందని అనిపించింది. కోతకు ముందు ఆరు వారాల పాటు ఎందుకు విసిగించారో నాకు అర్థమైనది అప్పుడే: కసరత్తు అప్పటికే అలవాటై ఉన్నందువల్ల, నోరంతా పచ్చిగా ఉన్న రోజుల్లో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది. మూడో నెలకు 36, అంటే 75 శాతం. ఏడో నెలలోనూ అక్కడే ఉంది. మూడో గ్రేడు నుంచి రెండో గ్రేడుకు వచ్చాను, మొదటి గ్రేడుకు రాలేదు.

ఈ మధ్యలో, రెండో నెలలో, నా థెరపిస్ట్ గారు ఆ క్లినిక్ వదిలి వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినవారు నా పట్టికలు చూడకుండానే మొదటి పాఠం నుంచి మళ్లీ మొదలుపెట్టారు. రెండు సెషన్లు అలా పోయాయి. ప్యాకేజీలో ముందే డబ్బు కట్టించుకున్న సెషన్లు కాబట్టి ఆ నష్టం నాదే. వీడియో ద్వారా జరిపిన సెషన్లు కూడా నాకు అంతగా ఉపయోగపడలేదు. తెర మీద నాలుక కొన కనిపిస్తుంది గాని, నాలుక వెనక భాగం అంగిలికి ఆనిందో లేదో, గడ్డం కింద కండరం బిగిసిందో లేదో కనిపించదు. ఈ చికిత్సలో సగం విద్య గడ్డం కింద పెట్టే ఆ వేలిలోనే ఉంది.

ఫలితం విషయానికి వస్తే, వెనకటి దంతాలను నాలుకతో శుభ్రం చేసుకోగలుగుతున్నాను. ఇంత చిన్న పని ఇంత తృప్తినిస్తుందని ఊహించలేదు. బిగ్గరగా గంట సేపు చదివినా గడ్డం కింద పట్టేయడం లేదు. 'ళ' మాత్రం కోతతో రాలేదు. నాలుక వెనక్కి మడిచి అంగిలిని తాకే కదలిక సాధ్యమయ్యాక కూడా, నా నాలుక పాత దారినే వెతుక్కుంటూ 'ల' దగ్గరికే వెళ్లేది. స్పీచ్ థెరపిస్ట్ దగ్గర విడిగా రెండు నెలలు 'ల', 'ళ' జతలు పలికి పలికి సాధించాల్సి వచ్చింది, ఆ సేవ ఈ ప్యాకేజీలో లేదు. మెడ నొప్పి ఎలా ఉండేదో అలాగే ఉంది. గురక గురించి నేను చెప్పలేను, ఇంట్లోవాళ్లు చెప్పాలి. తేడా ఏమీ లేదని వారి తీర్పు.

ఇదే పద్ధతిలో, అంటే కోతకు ముందూ వెనకా కసరత్తుతో, చికిత్స పొందిన 348 మందిపై 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 91 శాతం మంది తృప్తి వ్యక్తం చేశారని క్లినిక్ గోడ మీద ఫ్రేము కట్టి పెట్టారు. ఆ సంఖ్య సరైనదే. అయితే కోత లేకుండా కసరత్తు మాత్రమే చేసినవారితో అందులో పోలిక లేదన్న సంగతి ఫ్రేములో లేదు. నెలల తరబడి శ్రమపడి, కోత భరించి, డబ్బు కట్టినవారిని తృప్తిగా ఉందా అని అడిగితే ఉందనే చెబుతారు; నన్ను అడిగినా నేనూ అదే చెబుతాను. నా మాటకు కూడా పాఠకులు అంత విలువే ఇవ్వడం మంచిది.

శిశువుల విభాగం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నేను చూసినది పెద్దవారి విభాగానికి ఏ మాత్రం పోలిక లేనిది. మా చెల్లెలు మూడు వారాల బిడ్డను అక్కడికే తీసుకెళ్లింది. పాలిచ్చేటప్పుడు చనుమొన నొప్పి భరించలేకుండా ఉందని తన ఫిర్యాదు. బిడ్డ నోట్లో వేలు పెట్టి ఒక నిమిషం చూసి, నాలుక కింది పొరతో పాటు పై పెదవి కింది పొరను కూడా కత్తిరించాలన్నారు. బిడ్డ పాలు తాగుతుండగా చూడలేదు. కోత తర్వాత రోజుకు ఆరుసార్లు గాయం మీద వేలితో నాలుకను ఎత్తి సాగదీయాలని కూడా చెప్పారు. నా విషయంలో ఆరు వారాలు ఆగమన్న క్లినిక్, మాట రాని పసిబిడ్డ విషయంలో ఆ రోజే చేసేద్దామంది.

పసిపిల్లల్లో ఈ కోతకు ఆధారం అసలు లేదని నేను అనడం లేదు. శిశువులను చీటీ వేసినట్టు గుంపులుగా విడదీసి పోల్చే యాదృచ్ఛిక పరీక్షలు ఐదింటిని, అంటే 302 మంది శిశువులను, కలిపి చూసిన 2017 నాటి కోక్రేన్ (వైద్య ఆధారాలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో తల్లి చనుమొన నొప్పి స్వల్పకాలంలో తగ్గినట్టు తేలింది. బిడ్డ పాలు తాగే తీరులో మాత్రం నిలకడైన మెరుగుదల కనిపించలేదు. టంగ్ టై లక్షణాలున్న శిశువుల్లో సగం కన్నా తక్కువ మందికే పాలు తాగడంలో ఇబ్బంది ఉంటుందనీ, కోత తర్వాత సాగదీసే పద్ధతిని తాము సిఫారసు చేయడం లేదనీ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2024 నివేదిక చెబుతోంది. బ్రెజిల్‌లో 2014 నాటి చట్టం ప్రకారం పుట్టిన ప్రతి బిడ్డ నాలుక కింద పరీక్షించాల్సిందే. అయితే చూడమని చెప్పే చట్టం కోయమని చెప్పే చట్టం కాదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మా అమ్మకు ఆ రోజు సరిగ్గా సమయానికి గుర్తొచ్చింది. చెల్లెలు తల్లిపాల నిపుణురాలి దగ్గరికి వెళ్లింది. ఆమె రెండు పూటలు పక్కన కూర్చుని, బిడ్డను పట్టుకునే భంగిమనూ నోటి పట్టునూ సరిదిద్దారు. పది రోజుల్లో నొప్పి పోయింది, కోత అవసరం పడలేదు. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. పట్టు సరిదిద్దినా నొప్పి తగ్గని తల్లులకు ఆ చిన్న కోత నిజంగానే మేలు చేయవచ్చు. ఆ సంగతి తేల్చుకోవడానికి కావలసింది పాలిస్తుండగా చూసే కళ్లు, వాటిని ఆ విభాగంలో ఏర్పాటు చేయలేదు.

పెద్దవారు ఎవరైనా ఈ చికిత్సకు వెళ్లదలిస్తే, కోతకు ముందు కొలత రాసిస్తారా, కసరత్తు ఎన్ని వారాలు చేయిస్తారు, అదే థెరపిస్ట్ చివరిదాకా ఉంటారా, సెషన్లు ఎదురుగానా తెర మీదనా, రాత్రి ఫోన్ ఎవరు తీస్తారు అని అడగండి. కరపత్రంలోని జాబితాలో మీ ఫిర్యాదు ఏదో చూపించి, నాలుక పైకి లేవడానికీ దీనికీ సంబంధమేమిటని సర్జన్ నోటితోనే చెప్పించుకోండి. ఆ ప్రశ్నకు మా సర్జన్ గారు నిజాయితీగా జవాబిచ్చారు కాబట్టే, మెడ నొప్పి తగ్గకపోయినా మోసపోయానని నాకు అనిపించడం లేదు.

పెద్దవారి విభాగానికి ఐదింట నాలుగు మార్కులు. తీయని ఫోన్‌కూ, చదవని పట్టికకూ కలిపి ఒకటి తగ్గించాను. శిశువుల విభాగానికి ఐదింట ఒకటి, అదీ బిల్లు వేయకుండా పంపినందుకు. కరపత్రానికి మార్కులు వేయదలచుకోలేదు.